రెండోసారి కారిన సంప్: చెన్నై వర్క్‌షాపులో ఒక అప్రెంటిస్ చేసిన రీసీలింగ్ కేసు

అంబత్తూరు పారిశ్రామిక వాడను ఆనుకుని ఉన్న మా వర్క్‌షాపుకు వచ్చిన ఈ బండి 1.2 లీటర్ల, నాలుగు సిలిండర్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. వయసు పదేళ్ళు దాటింది. మీటరు 90 వేల కిలోమీటర్ల పైచిలుకు చూపిస్తోంది. యజమాని తిరువొత్తియూరులో సముద్రానికి దగ్గరగా ఉంటారు, బండి ఆరుబయటే నిలుస్తుంది. నిలిపిన చోట నేల మీద నూనె మరకలు పడుతున్నాయని, సర్వీసుకూ సర్వీసుకూ మధ్య ఇంజన్ ఆయిల్ పోయవలసి వస్తోందని వారి ఫిర్యాదు. కొన్ని నెలల క్రితం వేరొక చోట ఇదే కారణంతో ఆయిల్ సంప్ (ఇంజన్ అడుగున నూనె నిలిచే తొట్టి) విప్పి, అంచుకు కొత్త సీలెంట్ పేస్టు పూసి బిగించారట. కొన్ని వారాలు బాగానే ఉండి, మళ్ళీ కారడం మొదలైంది. "అదే పని మళ్ళీ చేస్తే మళ్ళీ అదే జరగదా?" అని వారు అడిగిన ప్రశ్న న్యాయమైనది. మొదటిసారి చేసిన పని ఎందుకు నిలవలేదో తెలియకుండా రెండోసారి సంప్ దింపడంలో అర్థం లేదు కనుక, ఆ ప్రశ్నకు జవాబు దొరికే వరకు స్పానర్ పట్టుకోకూడదని నిర్ణయించాము.

ఈ పనిని శిక్షణలో ఉన్న అప్రెంటిస్‌కు అప్పగించాను. నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన ఆ కుర్రవాడు ఐటీఐలో మోటార్ వెహికల్ మెకానిక్ ట్రేడ్ రెండేళ్ళు చదివాడు గానీ, ఇంజన్ అడుగు భాగాన్ని స్వయంగా విప్పడం అతనికి ఇదే మొదలు. కొత్తవాడికి సంప్ పని ఇవ్వడం గురించి మా తోటి మెకానిక్కులలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఇందులో భాగాలు తక్కువ, టైమింగ్ తప్పే భయం లేదు, ఫలితం నేల మీద ఎవరికైనా కనిపిస్తుంది. అందుచేత నేర్చుకోవడానికి ఇది మంచి పని అని నా అభిప్రాయం. అయితే తప్పు జరిగితే సరిదిద్దే దారి లేదు. కారిందంటే పేస్టు మొత్తం గీకి మొదటి నుంచి చేయవలసిందే. అందుకే సీలెంట్ ట్యూబు మూత తీసే ముందు ప్రతి దశా నేను చూసి తీరాలన్న షరతు పెట్టాను.

నూనె ఎక్కడి నుంచి వస్తోంది

సంప్ ఇంజన్‌కు అన్నింటికంటే కింద ఉంటుంది కాబట్టి పైన ఎక్కడ కారినా నూనె చివరికి సంప్ అంచుకే చేరుతుంది. పైగా బండి నడుస్తున్నప్పుడు తగిలే గాలి ఆ నూనెను వెనక్కి నెడుతుంది. ముందువైపు కారినది వెనకవైపు బొట్టుగా కనిపిస్తుంది. వాల్వ్ కవర్ ప్యాకింగ్, ఆయిల్ ప్రెషర్ స్విచ్, ఫిల్టర్ కూర్చునే చోటు, క్రాంక్ షాఫ్ట్ వెనక ఆయిల్ సీల్, ఇవన్నీ సంప్ లీకేజీగా మనల్ని మోసం చేయగలవు. అప్రెంటిస్ మొదటి చూపులోనే సంప్ అని తేల్చేశాడు. అతన్ని ఖండించకుండా, ఆ మాటను నిరూపించమని చెప్పాను.

ఇంజన్ బయటి భాగాన్ని డీగ్రీజర్‌తో కడిగి, ఆల్టర్నేటర్‌కు కవర్ కప్పి, తక్కువ ఒత్తిడి నీటితో శుభ్రం చేసి, గాలి కొట్టి ఆరబెట్టాడు. తరువాత ఇంజన్ ఆయిల్‌లో అతినీలలోహిత (యూవీ) కాంతికి మెరిసే రంగు ద్రవాన్ని కలిపి, బండిని యజమాని చేతికే ఇచ్చి రోజువారీగా నడపమన్నాము. తిరిగి వచ్చాక లిఫ్ట్ మీదికి ఎక్కించి, లైట్లు ఆర్పి, యూవీ టార్చ్ వేసి చూస్తే రెండు జాడలు వేర్వేరుగా మెరిశాయి. ఒకటి వాల్వ్ కవర్ వెనక అంచు నుంచి సన్నగా దిగి బ్లాకు మీదనే ఆగిపోయింది. రెండోది సంప్ అంచున, సరిగ్గా ఇంజన్ బ్లాకు, టైమింగ్ చైన్ కవర్, సంప్ అనే మూడు భాగాలు కలిసే మూల దగ్గర పుట్టింది. దాని పైన అంతా పొడిగా ఉంది. ఇంజన్ వెనక గేర్‌బాక్స్ కలిసే బెల్ హౌసింగ్ కింద మెరుపు లేదు కాబట్టి వెనక ఆయిల్ సీల్ మీద అనుమానం తొలగింది. అప్రెంటిస్ చెప్పింది నిజమే, కానీ సగమే నిజం.

మిగిలిన సగం ఎయిర్ ఫిల్టర్ పెట్టెలో దొరికింది. పెట్టె లోపల నూనె తడి ఉంది. పిస్టన్ రింగులను దాటి క్రాంక్ కేసులోకి వచ్చే వాయువులను ఇన్‌టేక్ మానిఫోల్డులోకి పంపే చిన్న కవాటం పీసీవీ వాల్వ్. అది మడ్డి పట్టి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, వాయువులు తమతో పాటు నూనె ఆవిరిని వేరే దారి పట్టిస్తాయి. ఐడిలింగ్‌లో ఆయిల్ పోసే మూత తీసి ఆ నోటికి పలుచని పాలిథిన్ కాగితం అడ్డం పెట్టమన్నాను. అది లోపలికి పీల్చుకోవాలి. ఇక్కడ పైకి ఉబ్బింది. వాల్వ్ తీసి చెవి దగ్గర ఊపితే లోపలి భాగం కదిలిన చప్పుడు రాలేదు. కొన్ని వందల రూపాయల ఈ వాల్వ్ బిగుసుకుపోవడం వల్ల, ఎక్కడ జాయింటు బలహీనంగా ఉంటే అక్కడి నుంచి నూనెను నెట్టే ఒత్తిడి తయారైంది. దీన్ని మార్చకుండా సంప్ ఎంత బాగా అతికించినా ప్రయోజనం ఉండదు. కనుక పీసీవీ వాల్వ్, వాల్వ్ కవర్ ప్యాకింగ్ ముందుగా మార్చి, ఆ తరువాతే సంప్ దగ్గరికి వచ్చాము.

విప్పినప్పుడు కనిపించినవి

గోరువెచ్చగా ఉన్నప్పుడు ఆయిల్ దింపాము. సైలెన్సర్ ముందు పైపు సంప్‌కు అడ్డం ఉంది. దాని నట్లకు ముందు రోజే తుప్పు వదిలించే నూనె పట్టించి ఉంచాము కాబట్టి విరగకుండా వచ్చాయి. ఆక్సిజన్ సెన్సార్ తీగ కనెక్టర్ విడదీయడం అప్రెంటిస్ తనంతట తానే గుర్తుంచుకున్నాడు. సంప్ బోల్టులు అన్నీ తీసినా సంప్ ఊడదు, అది సీలెంట్ చేసే పని. ఇక్కడే కొత్తవారి చేయి స్క్రూడ్రైవర్ వైపు పోతుంది. బ్లాకు అంచు అల్యూమినియం. స్క్రూడ్రైవర్ మొన దానిలో చేసే ఒక్క గాటు నూనెకు శాశ్వతమైన కాలువ అవుతుంది. సంప్ జాయింట్ల కోసమే ఉండే పలుచని వెడల్పు బ్లేడును సందులో దూర్చి, సుత్తితో పక్కకు తడుతూ అంచు వెంట నడిపించాడు. మూడు భాగాలు కలిసే మూలల దగ్గర మాత్రం బ్లేడు పెట్టనివ్వలేదు. మిగతాదంతా తెగితే ఆ మూలలు వాటంతట అవే వదులుతాయి.

యజమాని అడిగిన ప్రశ్నకు జవాబు సంప్ దిగిన తరువాత నాలుగు రూపాల్లో కనిపించింది. మొదటిది, జాయింటు ముఖం మీద రెండు రంగుల పేస్టు ఉంది. కింద ఫ్యాక్టరీ వారి బూడిద రంగు పొర, దాని మీద గత మెకానిక్ పూసిన ఎర్రటిది. పూర్తిగా గట్టిపడిన సిలికాన్ మీద కొత్త సిలికాన్ లోహానికి పట్టుకున్నట్టు పట్టుకోదు. ఎర్ర పొర చాలా చోట్ల గోటితో లాగితే రిబ్బనులా ఊడి వచ్చింది. రెండోది, పేస్టు అతిగా పూశారు. బిగించినప్పుడు బయటికి ఎంత పొంగిందో లోపలికీ అంతే పొంగింది, ఆ లోపలి ముక్కలు తెగి, పంపు సంప్ నుంచి నూనె పీల్చే చోట ఉండే ఆయిల్ స్ట్రైనర్ జాలీకి చుట్టుకున్నాయి. లీకేజీ కంటే ఇదే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. నూనె మరక పడితే నేల పాడవుతుంది, స్ట్రైనర్ మూసుకుంటే బేరింగులు పోతాయి. మూడోది, బోల్టులను బలం కొద్దీ బిగించడంతో సంప్ రేకు ప్రతి రంధ్రం చుట్టూ పైకి ఉబ్బి ఉంది. స్టీలు స్కేలు ఆనించి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకు) దూరిస్తే రెండు బోల్టుల మధ్య సందు స్పష్టంగా తెలిసింది. నాలుగోది, బయటి అంచున ఉప్పుగాలికి పట్టిన తుప్పు.

బిగింపు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎంత గట్టిగా బిగిస్తే అంత తక్కువ కారుతుందన్న నమ్మకం చాలా బలమైనది. ఈ సంప్ ఉక్కు రేకు, బ్లాకు అల్యూమినియం. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 350 మి.మీ. పొడవున్న అంచు చల్లని స్థితి నుంచి 80 డిగ్రీలు వేడెక్కితే రెండింటి మధ్య సుమారు 0.3 మి.మీ. తేడా వస్తుంది, చల్లారగానే మళ్ళీ వెనక్కి పోతుంది. బండి తీసిన ప్రతిసారీ ఈ కదలిక ఉంటుంది. దీన్ని తట్టుకోవాలంటే మధ్యలో సాగే గుణమున్న పలుచని పొర మిగిలి ఉండాలి, అది రెండు ముఖాలనూ వదలకుండా పట్టుకుని ఉండాలి. అతిగా బిగిస్తే బోల్టు దగ్గర ఆ పొర పూర్తిగా పిండుకుపోతుంది, రేకు ఉబ్బడం వల్ల బోల్టుల మధ్య మందంగా, పట్టు లేకుండా మిగులుతుంది. గాలి తగలని చోట లోహాల మధ్య గట్టిపడే అనేరోబిక్ సీలెంటును ఇటువంటి జాయింటుకు వాడకపోవడానికి కారణమూ ఇదే. అది కదలని, గట్టి, చదునైన రెండు ముఖాల కోసం తయారైనది.

శుభ్రం చేయడం

పని సమయంలో పెద్ద భాగం ఇక్కడే పోయింది, పోవాలి కూడా. సంప్ రేకును చదునైన ఇనుప దిమ్మ మీద బోర్లించి, ఉబ్బిన రంధ్రాలను చిన్న సుత్తితో తట్టి స్కేలుకు సరిపోయేలా చేశాడు. బయటి తుప్పు గీకి రంగు వేయించాము, జాయింటు ముఖానికి మాత్రం రంగు తగలనివ్వలేదు. బ్లాకు వైపు పాత పేస్టును ప్లాస్టిక్ స్క్రేపరుతో, ప్యాకింగులను కరిగించే రసాయనంతో తీయించాను. గ్రైండరుకు తగిలించే రాపిడి డిస్కుతో అయిదు నిమిషాల్లో అయిపోతుంది కదా అన్నా అని అప్రెంటిస్ అడిగాడు. అయిపోతుంది నిజమే. అయితే ఆ డిస్కుల్లో ఉండేది అల్యూమినియం ఆక్సైడ్ పొడి. తెరిచి ఉన్న ఇంజన్ కింద వాడితే అది క్రాంక్ వైపు ఎగిరి ఆయిల్‌లో కలుస్తుంది. బేరింగులలో ఉండే ఖాళీ మిల్లీమీటరులో కొన్ని నూరో వంతులు మాత్రమే. ఇంజన్ తయారీదారులు ఈ డిస్కులను వద్దనడానికి కారణం అది. డిస్కు అల్యూమినియం ముఖాన్ని పల్లంగా కూడా తినేస్తుంది.

స్ట్రైనర్ విప్పి, జాలీలోని పీచును ఒక్కొక్కటిగా తీసి, కడిగి, కొత్త ఓ రింగుతో బిగించాడు. ముఖాలు తుడవడానికి షాపులో అందరూ వాడే బనియన్ వేస్టు పనికిరాదు, దాని నూలు ముఖానికి అంటుకుని సీలెంటులో దారంలా మిగిలిపోతుంది. నూలు రాలని గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి, తెల్ల గుడ్డకు ఏ రంగూ అంటనంత వరకు తుడిపించాను. సంప్ ముఖం మీద నీటి పరీక్ష కూడా చేశాడు: నీళ్ళు చల్లితే పొరలా పరుచుకోవాలి, ముత్యాల్లా విడిపోతే అక్కడ ఇంకా జిడ్డు ఉన్నట్టు. తన కంటికి శుభ్రంగా కనిపించిన ముఖం మొదటిసారి ఈ పరీక్షలో నిలవలేదు.

బ్లాకు వైపు వేరొక ఇబ్బంది ఉంటుంది. పైన క్రాంక్ షాఫ్ట్ నుంచి, గోడల నుంచి నూనె గంటల తరబడి చుక్కచుక్కగా దిగుతూనే ఉంటుంది. తుడిచిన అయిదు నిమిషాలకే అంచు మీద సన్నని తడి చేరుతుంది. దీనికి చిట్కా లేదు, రాత్రంతా వదిలేయడమే. మరునాడు ఉదయం మళ్ళీ తుడిచి, బోల్టు రంధ్రాల్లో నిలిచిన నూనెను కూడా తీశాము. అడుగు మూసి ఉన్న రంధ్రంలో నూనె ఉంటే బోల్టు టార్క్ (బిగువు కొలత) అబద్ధం చెబుతుంది.

ట్యూబు తెరిచే ముందు సీలెంట్ లేకుండా ఒకసారి సంప్ బిగించి చూపమన్నాను. బ్లాకుకు ఎదురెదురు మూలల్లో తలలు కోసేసిన రెండు పొడవాటి 6 మి.మీ. బోల్టులను దారి చూపే స్టడ్లుగా చేతితో ఎక్కించాము. వాటి మీదుగా సంప్ నిటారుగా పైకి వెళ్తుంది, పేస్టు పక్కకు రాసుకోదు. ఈ రిహార్సల్ వల్ల ఇంకొక మేలు జరిగింది. ప్రతి బోల్టునూ చేత్తో తిప్పి చూస్తున్నప్పుడు, వెనక వరసలో ఒకటి ఎంత తిప్పినా బిగుసుకోవడం లేదని అప్రెంటిస్ చెప్పాడు. గతంలో చేసిన అతి బిగింపుకు అల్యూమినియం మర పోయింది. సీలెంట్ పూసిన తరువాత ఇది బయటపడి ఉంటే చేసిన శుభ్రమంతా వృథా. ఆ రంధ్రాన్ని 6.3 మి.మీ. బిట్టుతో పెద్దది చేసి, కొత్త మర వేసి, హెలికాయిల్ (పోయిన మరకు బదులుగా పనిచేసే తీగ చుట్ట) దింపే పని నేనే చేశాను. రజను అంటుకునేలా బిట్టుకు గ్రీజు పూసి, క్రాంక్ వైపు పాలిథిన్ కట్టాము. ఈ పని కొత్తవారికి ఇవ్వదగినది కాదు; బిట్టు కొంచెం వాలినా బ్లాకు పోతుంది.

సీలెంట్, చెన్నై గాలి

హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే స్నానాల గది సిలికాన్ ఇంజన్‌కు వాడకూడదు. పులుపు వాసన వచ్చే ఆ రకం గట్టిపడేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. అది లోహాన్ని తింటుంది, దాని ఆవిరి ఆక్సిజన్ సెన్సారుకు హాని చేస్తుంది. మాకు కావలసింది ఆమ్లం వదలని, ఇంజన్ ఆయిల్‌ను తట్టుకునే, సెన్సార్లకు హాని చేయని న్యూట్రల్ రకం. బండి విడిభాగాలు అమ్మే జనరల్ ప్యాటర్స్ రోడ్డులో ట్యూబు కొనేటప్పుడు గడువు తేదీ చూడమని, ఎండలో అద్దాల వెనక వరసగా పేర్చిన వాటిని తీసుకోవద్దని చెప్పి పంపాను.

ఈ సీలెంటును గట్టిపరిచేది గాలిలోని తేమ. మాన్యువల్ రాసినవారు ఏ వాతావరణాన్ని ఊహించుకున్నారో గానీ, చెన్నై ఉక్కలో పైపొర త్వరగా కడుతుంది. పొర కట్టిన తరువాత అదిమితే పేస్టు రెండో ముఖాన్ని తడపదు, కేవలం ఆనుకుంటుంది. అందుకని అప్రెంటిస్ ముందుగా అట్ట ముక్క మీద ఒక గీత గీసి, వేలితో తాకుతూ సమయం చూశాడు. ట్యూబు మీద పది నిమిషాలని ఉంది. ఆ ఉదయం ఆరు నిమిషాలకే పొర వచ్చింది. పూయడానికి, ఎక్కించడానికి, బోల్టులన్నీ పట్టించడానికి కలిపి మనకున్నది అయిదు నిమిషాలని లెక్క పెట్టుకున్నాము. ఫ్యాను ఆపించాము.

పేస్టును సంప్ ముఖం మీదే పూశాడు, నూనె దిగే ప్రమాదమున్న బ్లాకు మీద కాదు. 3 మి.మీ. లావు గీత, తెగకుండా, బోల్టు రంధ్రాలకు లోపలి వైపుగా నడిచి మొదలైన చోటే కలిసింది. మూడు భాగాలు కలిసే రెండు మూలల్లో మాత్రం బ్లాకు వైపు అదనంగా చిన్న చుక్క పెట్టించాను. లీకేజీ పుట్టింది అక్కడే, అక్కడి మెట్టును సన్నని గీత నింపలేదు. పల్లెల్లో జిలేబి చుట్టేవారి చేయిలా అతని చేయి ఆగకుండా సాగింది, దానికి ముందు అట్ట మీద చేసిన సాధనే కారణం.

స్టడ్ల మీదుగా సంప్ ఎక్కించి, బోల్టులన్నీ చేతి బిగువు వరకు తిప్పి, మధ్య నుంచి అంచులకు ఎదురెదురుగా రెండు విడతల్లో 11 న్యూటన్ మీటర్లకు తెచ్చాడు. దీనికి 5 నుంచి 25 న్యూటన్ మీటర్ల శ్రేణి ఉన్న చిన్న టార్క్ రెంచ్ కావాలి. చక్రాల నట్లకు వాడే పెద్ద రెంచ్ ఇంత తక్కువ బిగువును నమ్మకంగా చూపలేదు. చేతి అందాజు వచ్చిన మెకానిక్కులు రెంచ్ లేకుండా చేయవచ్చు, అప్రెంటిస్‌కు ఆ అందాజు ఇంకా లేదు. కొన్ని ట్యూబుల మీద వేళ్ళతో బిగించి, గంట ఆగి, మళ్ళీ బిగించమని రాసి ఉంటుంది. అది మందపాటి రబ్బరు ప్యాకింగులా తయారు చేసుకునే పద్ధతి. ఈ ఇంజన్ మాన్యువల్ మాత్రం తడిగా ఉండగానే పూర్తి టార్క్ అడుగుతుంది. సగం గట్టిపడ్డాక బిగిస్తే అప్పుడే ఏర్పడిన పట్టు తెగుతుంది. బయట పొంగిన పేస్టును తుడవకుండా వదిలేశాము, లోపల ఎంత పొంగి ఉంటుందో చెప్పే గుర్తు అదొక్కటే. ఈసారి అది సన్నని నూలు పోగంత ఉంది.

ఆ సాయంత్రమే బండి కావాలని యజమాని కోరారు. ఇటువంటి సీలెంట్ బయటి అంచు నుంచి లోపలికి సాధారణంగా రోజుకు 2, 3 మి.మీ. చొప్పున గట్టిపడుతుందని వివరించి, 24 గంటలు ఆపాము. ఆ తరువాతే కొత్త ఫిల్టర్, డ్రెయిన్ ప్లగ్గుకు కొత్త వాషర్, కొత్త ఆయిల్. స్ట్రైనర్ విప్పి ఉన్నాము కాబట్టి ఫ్యూయెల్ పంపు ఫ్యూజ్ తీసి, స్టార్టర్‌తో ఇంజన్‌ను తిప్పి, ఆయిల్ లైటు ఆరిన తరువాతే ఇంజన్‌ను మండనిచ్చాము. దింపిన పాత నూనెను 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం అనుమతి ఉన్న రీసైక్లరుకు ఇచ్చే డ్రమ్ములో పోశాము.

ఫలితం

మొదటి పది నిమిషాల్లో సైలెన్సర్ పైపు మీద పొగ వచ్చింది. అప్రెంటిస్ ముఖం మాడింది గానీ, అది విప్పేటప్పుడు పైపు మీద పడిన నూనె కాలడమే, త్వరలోనే ఆగింది. పాలిథిన్ కాగితం ఈసారి లోపలికి పీల్చుకుంది. యూవీ టార్చ్ వేసే ముందు పాత రంగు జాడలన్నీ తుడిపించాను, లేకపోతే పాత మెరుపునే కొత్త లీకేజీ అనుకుంటాము. సుమారు 500 కిలోమీటర్ల తరువాత, ఆపైన తదుపరి సర్వీసులో రెండుసార్లు చూశాము. సంప్ అంచు, ఆ మూల, వాల్వ్ కవర్ వెనక భాగం అన్నీ పొడిగా ఉన్నాయి. గేజ్ మీద నూనె మట్టం పై గీత దగ్గరే నిలిచింది. క్రాంక్ వెనక ఆయిల్ సీల్ వయసు మీరినదే కాబట్టి అది ఎప్పటికైనా కారవచ్చునని, అప్పుడు బొట్టు సంప్ అంచున గాక బెల్ హౌసింగ్ కింద పడుతుందని యజమానికి చూపించి చెప్పాము.

జాబ్ కార్డు మీద వాడిన సీలెంట్ రకం, తేదీ, టార్క్, కొత్త పీసీవీ వాల్వ్ వివరాలు అప్రెంటిస్ చేతే రాయించాను. వెనక వరసలో హెలికాయిల్ వేసిన బోల్టు ఏదో గీసిన బొమ్మను కూడా దానికి జత చేసి, ఒక నకలు బండి పత్రాలతో పాటు యజమానికి ఇచ్చాము.